చిన్న జతలు – పెద్ద ఆశలు

పేకాటలో డబ్బు పోవడానికి చెడ్డ ముక్కలే కారణమని లోకంలో ఒక నమ్మకం ఉంది. నా అభిప్రాయం వేరు. చెడ్డ ముక్కలు ఎవరినీ ముంచవు. వాటిని చూడగానే ఎంతటి అనుభవశూన్యుడైనా బోర్లించి పక్కన పెడతాడు. ముంచేవి మంచివిగా కనిపించే నడిమితరం ముక్కలు. పోకర్ ఆటలో అటువంటి వాటిలో అగ్రతాంబూలం చిన్న జతలది. చేతికి వచ్చిన రెండు ముక్కలూ నాలుగులో, ఆరులో, తొమ్మిదులో అయినప్పుడు మనస్సులో ఒక సంతోషం పుడుతుంది. ఆ సంతోషం వెనుక పట్టుదల, పట్టుదల వెనుక నష్టం వరుసగా వస్తాయి. చిన్న పందేల పోకర్‌లో ఈ జతలను ఎలా ఆడాలి, ముఖ్యంగా ఎప్పుడు వదలాలి అన్న విషయం మీద నాకు స్థిరమైన అభిప్రాయం ఒకటి ఉంది. దానిని చదువరుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పండితుడికి జూదంతో ఏమి పని అని పెద్దలు అడగవచ్చు. తెలుగు చెప్పినవాడికి జూదం కొత్త విషయం కాదని నా మనవి. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం ఆద్యంతం జూదరి విలాపమే. సభాపర్వం తిరిగేది పాచికల చుట్టూ. ఆరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉంది. జూదం చేటు తెస్తుందని ఈ కథలన్నీ చెబుతాయి, అది సత్యమే. అయితే నలుని కథ మరొక మాట కూడా చెబుతుంది. ఆ మాటను వ్యాసం చివర మనవి చేస్తాను. ఇక పోకర్ నాకు తెలిసిన విధం ఇది. ఉద్యోగ విరమణ తరువాత అమెరికాలో మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు ఉన్నాను. శనివారం రాత్రులు మా అల్లుడూ అతని మిత్రులూ పావు డాలరు, అర డాలరు పందేలతో ఆడే ఆటను మొదట పక్కన కూర్చుని చూశాను, తరువాత వారితో కలిసి ఆడాను. వ్యాకరణం చదివినవాడికి సూత్రమూ దాని అపవాదమూ ఎక్కడ కనిపించినా ఆసక్తి కలుగుతుంది. ఈ ఆటలో నన్ను ఆకర్షించింది అదే.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. టెక్సస్ హోల్డెమ్ అనే ఈ పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యంగా పంచుతారు. తరువాత బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, ఆ పైన ఒకటి, చివర మరొకటి తెరుస్తారు. మొదటి మూడింటిని ఫ్లాప్ అని, నాలుగవదాన్ని టర్న్ అని, ఐదవదాన్ని రివర్ అని అంటారు. చేతిలోని రెండూ, బల్ల మీది ఐదూ కలిపి ఏడింటిలో మేలైన ఐదు ముక్కలతో ఎవరి బలం వారు చూసుకోవాలి. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. నో లిమిట్ అంటే ఏ దశలోనైనా తన ముందున్న మొత్తాన్ని ఒకేసారి ఒడ్డవచ్చునని అర్థం. మన మూడుముక్కలాటలో బ్లైండు అంటే ముక్కలు చూడకుండా ఆడటం. ఇక్కడ బ్లైండు అంటే ముక్కలు చూసుకోకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టవలసిన పందెం. చేతికి వచ్చిన రెండు ముక్కలూ ఒకే విలువవి అయితే పాకెట్ పెయిర్ అంటారు. నేను చేతిజత అంటున్నాను. అదే విలువ గల మూడవ ముక్క బల్ల మీద పడితే సెట్ అంటారు. రెండు నుంచి ఆరు దాకా చిన్న జతలు, ఏడు నుంచి పది దాకా మధ్యమ జతలు అని ఈ వ్యాసంలో నా విభజన.

మన తెలుగువారు ఈ జతలను అతిగా ప్రేమించడానికి ఒక కారణం ఉందని నా ఊహ. మనలో చాలామందికి మొదట పరిచయమయ్యే పందెపు ఆట మూడుముక్కలాట. సంక్రాంతి పండుగ రోజులలోనో, పెళ్ళి విడిదిలోనో దాన్ని చూడనివారు అరుదు. 52 ముక్కల నుంచి మూడు ముక్కలు 22,100 విధాలుగా రావచ్చు. వాటిలో 16,440 విధాలలో, అంటే నూటికి 74 పాళ్ళు, జత కూడా ఉండదు. ఉన్నవాటిలో పెద్దముక్కే ఆధారం. కనుక ఆ ఆటలో రెండుల జత సైతం నాలుగింట సుమారు మూడు చేతులను ఓడిస్తుంది. అక్కడ జతను నమ్మడంలో దోషం లేదు. హోల్డెమ్‌లో చివరకు చూసేది ఏడు ముక్కలు. ఏడు ముక్కలలో జత కూడా కుదరకపోయే అవకాశం నూటికి 17 మాత్రమే. కనుక చివరిదాకా నిలిచినవాడి దగ్గర ఏదో ఒక జతో, అంతకు మించినదో ఉండటమే సహజం. అక్కడ పల్లకి ఎక్కిన నాలుగుల జత ఇక్కడ పల్లకి మోయవలసి వస్తుంది. ఒకే పదం రెండు భాషలలో రెండు అర్థాలు ఇచ్చినట్లు, ఒకే జత రెండు ఆటలలో రెండు విలువలు పొందుతుంది. పాత ఆట అర్థాన్ని కొత్త ఆటలో అన్వయించడం దగ్గరే నష్టానికి బీజం పడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు ముక్కలు రావడానికి 1,326 విధాలున్నాయి. అందులో జతలు 78. అంటే 17 చేతులకు ఒక జత. ఆ జతకు ఫ్లాప్‌లో సెట్ పడే అవకాశం నూటికి 11.8, అంటే దాదాపు 17కు 2. పదిహేడు అనే సంఖ్య రెండు చోట్లా రావడం జ్ఞాపకం పెట్టుకోవడానికి అనుకూలంగా ఉంది. పదిహేడు చేతులకు ఒక జత, పదిహేడు జతలకు రెండు సెట్లు. మిగిలిన పదిహేను సార్లూ ఫ్లాప్ మన జతను పలకరించకుండానే వెళ్ళిపోతుంది. కనుక చిన్న జత వచ్చినప్పుడు మన చేతికి అందింది సొమ్ము కాదు, లాటరీ చీటీ. ఆ చీటీని ఎంత వెలకు కొంటున్నాము, అది తగిలితే ఎంత వస్తుంది అన్న రెండు ప్రశ్నలకు ముందుగానే జవాబు చూసుకోవాలి.

అమెరికా కాసినోలలో సర్వసామాన్యమైన ఒకటి–రెండు డాలర్ల బల్లను ఉదాహరణగా తీసుకుందాం. అంటే తప్పనిసరి పందేలు ఒకరికి ఒక డాలరు, మరొకరికి రెండు డాలర్లు. ఒక ఆటగాడు పందెం పది డాలర్లకు పెంచాడు. మన చేతిలో నాలుగుల జత ఉంది. పది పెట్టి ఫ్లాప్ చూడాలా? పదిహేడు సార్లు ఇలా పదేసి పెడితే పదిహేను సార్లు పోతాయి. నష్టం 150 డాలర్లు. రెండు సార్లు సెట్ పడుతుంది. అంటే సెట్ పడిన ఒక్కొక్కసారి సగటున 75 డాలర్లు లాభం వస్తే అసలుకు అసలు దక్కుతుంది. ఇప్పుడు పందెం పెంచినవాని ముందు ఇక మిగిలినవి అరవై డాలర్లే అనుకోండి. సెట్ పడి, అతడు తన దగ్గర ఉన్నదంతా ఊడ్చి మనకే ఇచ్చినా, ఆ అరవై, అతడు ముందు పెట్టిన పది, తప్పనిసరి పందేల మూడు కలిసి 73. ప్రతి సెట్టుకూ ఎదుటివాని సర్వస్వమూ వచ్చినా మనకు నష్టమే మిగులుతుందన్నమాట. పైగా కాసినో ప్రతి పెద్ద పందెం నుంచీ రేక్ అనే పేరుతో కోసుకునే వాటా ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. పందేలు చిన్నవైన బల్ల మీద ఆ కోత మరింత బాధిస్తుంది.

ఏడున్నర రెట్లు వస్తే చాలు గదా అని లెక్క తెలిసినవారు అంటారు. అనుభవజ్ఞులు ఏడున్నరతో తృప్తి పడరు. మనం పెట్టవలసిన మొత్తానికి పదిహేను నుంచి ఇరవై రెట్లు ఇద్దరి ముందూ ఉండాలంటారు. ఇద్దరిలో ఎవరి దగ్గర తక్కువ ఉందో ఆ మొత్తమే ప్రమాణం. మన ముందు ఐదు వందలున్నా ఎదుటివాని ముందు అరవై ఉంటే ఆట అరవైకే. రెండేసి వందలతో కూర్చున్నవారి మధ్య పది డాలర్లకు ఫ్లాప్ చూడవచ్చు. వెనుక నుంచి మరొకరు దాన్ని ముప్పైకి పెంచారంటే రెట్లు ఏడుకు లోపల పడిపోతాయి. అప్పుడు నాలుగుల జతను విచారం లేకుండా బోర్లించాలి.

రెట్లు అన్ని ఎందుకు కావాలన్నదానికి రెండు హేతువులున్నాయి. మొదటిది, మనకు సెట్ పడినంత మాత్రాన ఎదుటివానికి ఇవ్వడానికి ఏమైనా ఉండాలని లేదు. అతని చేతిలో ఆసు, రాజు ఉండి, ఫ్లాప్‌లో ఆ రెండూ రాకపోతే అతడు ఒక పందెం వేసి మానుకుంటాడు. మన సెట్ పదిహేను డాలర్లు తెచ్చి ఊరుకుంటుంది. రెండవది, సెట్ కూడా ఓడిపోతుంది. వరుస కుదిరినవారూ, ఒకే రంగు ముక్కలు ఐదు కలిసినవారూ దాన్ని ఓడిస్తారు. ఇద్దరి చేతులలోనూ వేర్వేరు జతలు ఉన్నప్పుడు ఫ్లాప్‌లో ఇద్దరికీ సెట్ పడటం 96 సార్లకు ఒకసారి జరుగుతుంది. అరుదే కాని, అది జరిగిన రోజున చిన్న సెట్ పట్టుకున్నవాడు సాధారణంగా ఇల్లు చేరేది ఖాళీ జేబుతోనే.

ఎంత దృఢమైన చేయి అయినా పూచీ ఇవ్వదనడానికి పోకర్ చరిత్రలో ప్రసిద్ధమైన ఒక ఉదాహరణ ఉంది. 2003లో లాస్ వేగాస్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో ఫిల్ ఐవీ చేతిలో తొమ్మిదుల జత, క్రిస్ మనీమేకర్ చేతిలో ఆసు, రాణి ఉన్నాయి. ఫ్లాప్‌లో రెండు రాణులు, ఒక ఆరు పడ్డాయి. టర్న్‌లో తొమ్మిది పడింది. దానితో ఐవీకి మూడు తొమ్మిదులు, రెండు రాణులు కలిసి ఫుల్ హౌస్ అయింది. ఆ క్షణాన మనీమేకర్‌ను కాపాడగలిగిన ముక్కలు మిగిలిన 44లో ఏడే: ఒక రాణి, మూడు ఆసులు, మూడు ఆరులు. రివర్‌లో ఆసు వచ్చింది. ఐవీ పదవ స్థానంతో నిష్క్రమించాడు. వృత్తిరీత్యా అకౌంటెంట్ అయిన మనీమేకర్ ఆ పోటీనే గెలిచాడు. ఆ గెలుపును చూసి లక్షలాది మంది ఈ ఆటకు వచ్చారు. వచ్చినవారికి రివర్‌లోని ఆసు గుర్తుంది. ఏడు ముక్కల లెక్క ఎందరికి గుర్తుందో!

ఇక చిన్న పందేల బల్ల స్వభావం గురించి చెప్పాలి. అక్కడ ఎవరూ సులభంగా తప్పుకోరు. వారమంతా పని చేసి ఆటకు వచ్చినవారు ముక్కలు పారేసి చేతులు కట్టుకుని కూర్చోవడానికి ఇష్టపడరు. ఒకడు పందెం పెంచితే నలుగురు వెంట వస్తారు. ఈ స్వభావం చిన్న జతకు ఒక విధంగా మేలు చేస్తుంది, మరొక విధంగా కీడు చేస్తుంది. మేలు ఏమిటంటే, సెట్ పడినప్పుడు డబ్బు ఇచ్చేవారు ఎక్కువమంది ఉంటారు. కీడు ఏమిటంటే, సెట్ పడనప్పుడు బెదిరించి ఎవరినీ పంపలేము. బెదిరింపు పనిచేయాలంటే ఎదుటివానికి భయం ఉండాలి. రెండు డాలర్ల దగ్గర భయమెక్కడిది? కాబట్టి చిన్న బల్ల మీద చిన్న జతకు ధర్మం ఇది: తక్కువ వెలకు, వీలైనంత మంది తోడుండగా, సాధ్యమైతే అందరి తరువాత మాట్లాడే స్థానం నుంచి ప్రవేశించాలి. సెట్ పడితే దాన్ని దాచి నటించకుండా వెంటనే పందెం వేయాలి. అడిగితే ఇచ్చేవారు ఎదురుగా ఉన్నప్పుడు అడగకపోవడం అవివేకం. పైగా మనం ఊరకుంటే, ఒకే రంగు నాలుగు ముక్కలు కలిసినవాడు ఐదవదానిని ఉచితంగా చూస్తాడు. సెట్ పడకపోతే తప్పుకోవాలి.

ఈ చివరి వాక్యమే ఈ వ్యాసానికి ప్రాణం. చెప్పడానికి సులభమైనదీ, చేయడానికి కష్టమైనదీ కూడా ఇదే. మా అల్లుని మిత్రుడు ఒకడు ఐదుల జతతో రివర్ దాకా వెళ్ళి ప్రతిసారీ ఓడేవాడు. ఫ్లాప్‌లో రాజు, పది, ఎనిమిది పడ్డాయి, నలుగురు ఆడుతున్నారు, ఇద్దరు పందెం వేశారు. ఇంకా ఏమి చూస్తున్నావు నాయనా అని అడిగాను. “జత వచ్చింది కదా అంకుల్, ఎలా వదిలేస్తాం? ఇప్పటికే పది పెట్టాను” అన్నాడు. ఆ జవాబులో రెండు దోషాలున్నాయి. ఫ్లాప్‌లో రాని ఐదు, టర్న్‌లో వచ్చే అవకాశం 47కు 2. దాదాపు ఇరవై నాలుగు సార్లకు ఒకసారి వచ్చే ముక్క కోసం మరొక ఇరవై డాలర్లు పెట్టడం మొదటి దోషం. ఇప్పటికే పెట్టిన పది ఇంకా తనదే అనుకోవడం రెండవది. బల్ల మధ్యకు చేరిన డబ్బుకు మన పేరు ఉండదు, అది గెలిచినవాడిది.

మనవారి నోట ఒక సామెత తరచుగా వినిపిస్తుంది: పోయినచోటే వెతుక్కోవాలని. ఉంగరం పోయినప్పుడు ఆ సామెత అక్షరసత్యం. ఉంగరం పడినచోటే పడి ఉంటుంది గనుక అక్కడే వెతకాలి. పందెంలో పోయిన డబ్బు పడినచోట ఉండదు, చేతులు మారుతుంది. సామెతలను ప్రేమించేవాడిగా చెబుతున్నాను. ఈ ఒక్క సామెతను పేకాట బల్ల దగ్గరకు రానివ్వకూడదు. తెలుగులో పణంగా పెట్టడాన్ని ఒడ్డడం అంటాము, నది గట్టును ఒడ్డు అంటాము. డబ్బు ఒడ్డేవాడు నీటిలోకి దిగేముందే ఒడ్డు ఎక్కడ ఉందో చూసుకోవాలని ఈ రెండు మాటలూ నాకు కలిపి బోధిస్తున్నట్లు ఉంటుంది. చిన్న జతకు ఫ్లాపే ఒడ్డు.

మధ్యమ జతల సంగతి ఇంత సూటిగా తేలదు. అందుకే అవి మరింత ప్రమాదకరం. పదుల జత చేతిలో ఉంటే సెట్ పడకపోయినా గెలిచే అవకాశం ఉంది. ఫ్లాప్‌లో తొమ్మిది, ఐదు, రెండు పడితే పదుల జతే అందరికంటే పైన ఉండవచ్చు. అయితే ఎన్నిసార్లు అలా పడుతుంది? పదుల జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో కనీసం ఒక బొమ్మో ఆసో పడే అవకాశం నూటికి 69 పైచిలుకు. తొమ్మిదుల జతకు తన కంటే పెద్దముక్క ఎదురయ్యే అవకాశం 79, ఎనిమిదులకు 87, ఏడులకు 92. అంటే ఏడుల జత పేరుకు మధ్యమమైనా ఫ్లాప్ తరువాత అది చిన్న జతే. నిజమైన మధ్యమ జతలు తొమ్మిదులూ పదులూ మాత్రమేనని లెక్క చెబుతోంది.

పెద్దముక్క పడినంత మాత్రాన అది ఎదుటివానికి తగిలిందని కాదు. ఎదుట ఒక్కడే ఉంటే, అతడు అలవాటుగా వేసే మొదటి పందేన్ని పదుల జతతో ఒకసారి ఎదుర్కోవచ్చు. టర్న్‌లో అతడు మళ్ళీ గట్టిగా వేశాడంటే నమ్మి తప్పుకోవాలి. చిన్న బల్ల మీద రెండవసారి గట్టిగా వేసే పందెం అబద్ధం కావడం అరుదని నా పరిశీలన. ఎదుట ముగ్గురు ఉండి ఫ్లాప్‌లో రాజో ఆసో పడితే ఆ ఒక్కసారి కూడా అవసరం లేదు. ఒకరి ఎదుట ఒక పందెం, ముగ్గురి ఎదుట నమస్కారం అని దీనికి నేను చేసుకున్న సూత్రం. అందుకే చిన్న జతకు తోడు ఎక్కువమంది కావాలి, మధ్యమ జతకు తక్కువమంది కావాలి. పదులు వచ్చినప్పుడు మొదటే పందెం పెంచి గుంపును పలచన చేయాలి; మూడులు వచ్చినప్పుడు గుంపులో కలిసి చవకగా వెళ్ళాలి. రెండింటినీ ఒకే తీరున ఆడేవాడు రెండింటితోనూ నష్టపోతాడు.

ఈ అభిప్రాయానికి ప్రతిపక్షం లేకపోలేదు. చిన్న జతలతో కూడా మొదటే పందెం పెంచి, ఫ్లాప్‌లో ఏమి పడినా మరొక పందెం వేసి, అందరినీ పంపివేయడం మేలనే ఆటగాళ్ళున్నారు. ఆలోచించి తప్పుకునేవారు ఎదుట ఉన్నప్పుడు ఆ పద్ధతి చెల్లుతుంది, కాదనను. తప్పుకోవడమే తెలియనివారి మధ్య అది చెవిటివాని ముందు శంఖం ఊదడమే. మరొక అపవాదం కూడా చెప్పాలి. పోటీలలో మన ముందున్న మొత్తం తప్పనిసరి పందెానికి పది రెట్లకు దిగిపోయినప్పుడు, చిన్న జతతోనైనా ఉన్నదంతా ఒకేసారి ఒడ్డడం సమంజసం. ఎదుటివాని చేతిలో రెండు పెద్దముక్కలు ఉంటే గెలుపోటములు ఇంచుమించు సగం సగం; పెద్ద జత ఉంటే మనకు ఐదింట ఒక పాలు. వేచి ఉంటే తప్పనిసరి పందేలే మనలను తినివేస్తాయి గనుక అక్కడ సాహసమే వివేకం. ఉత్సర్గానికి అపవాదం ఉంటుంది. అపవాదాన్నే సూత్రంగా పట్టుకున్నవాడు మాత్రం పరీక్ష తప్పుతాడు.

తప్పుకోవడం ఇంత కష్టం ఎందుకన్నదానికి కాలగణనలో ఒక సమాధానం దొరుకుతుంది. ముక్కలు చేతితో పంచే బల్ల మీద గంటకు సుమారు ముప్పై చేతులు నడుస్తాయి. రెండు నుంచి ఆరు లోపల జత 44 చేతులకు ఒకసారి వస్తుంది. అంటే గంటన్నరకు ఒక చిన్న జత. దానికి ఫ్లాప్‌లో సెట్ పడేది ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. అంటే ఏ చిన్న జతనూ వదలకుండా ఆడినా ఒక్క సెట్టుకు సుమారు పన్నెండున్నర గంటలు కూర్చోవాలి. శనివారం నాలుగు గంటలు ఆడేవాడికి మూడు వారాలు! గంటన్నర ఎదురుచూసి పొందిన జతను రెండు నిమిషాలలో వదలడానికి మనస్సు ఒప్పదు. వేచి ఉన్నందుకు తనకు బహుమానం రావలసి ఉందని అది అనుకుంటుంది. ముక్కలకు మన నిరీక్షణతో సంబంధం లేదు. ఈ ఒక్క సంగతి హృదయానికి పట్టించుకున్నవాడు సగం ఆట నేర్చినట్లే.

ఇంత సూక్ష్మంగా దీన్ని రాయడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి నన్ను చూడవచ్చాడు. మంచి ఉద్యోగం, చిన్న సంసారం. చేతిఫోనులో పేకాట ఆడి, భార్య నగలు తాకట్టు పెట్టేదాకా వచ్చాడు. తల దించుకుని, “నా అదృష్టం బాగాలేదు మాస్టారూ” అన్నాడు. నేను అతన్ని మందలించలేదు. నీవు ఆడిన ముక్క నూటికి ఎన్నిసార్లు వస్తుందో తెలుసా అని మాత్రం అడిగాను. తెలియదన్నాడు. బడిలో లెక్కలలో నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లవాడు! తెలియనిదానికి మనం అదృష్టమని పేరు పెడతాము. ఆ పేరు పెట్టిన తరువాత ఇక తెలుసుకోవలసిన అవసరం కనిపించదు. అతని ఇల్లు కుదుటపడటానికి మూడేళ్ళు పట్టింది.

మన చట్టాలు కూడా ఈ నైపుణ్యం, అదృష్టం అనే రెండు మాటల మధ్య చాలాకాలం తిరిగాయి. 1967లో సికింద్రాబాదు క్లబ్బు ఒకదానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించి, అది మూడుముక్కలాట వలె కేవలం అదృష్టం మీద నడిచేది కాదన్నది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం పాటించకుండా దేశమంతటికీ ఆ నిషేధాన్ని విధించింది. కనుక ఈ వ్యాసం చదివి ఎవరైనా ఇక్కడ ఫోను పట్టుకుని డబ్బుతో ఆడటానికి దిగితే అది నా మాటను అపార్థం చేసుకోవడమే. చట్టం అనుమతించిన దేశంలో, పోయినా బాధ లేని సొమ్ముతో, మిత్రుల మధ్య ఆడేవారికే పై సూత్రాలు. అక్కడ కూడా రేక్ కోసుకునే బల్ల మీద బాగా ఆడేవారిలో సైతం చాలామందికి చివరకు మిగిలేది కొంచెమే.

నిషేధం అవసరమే. అయితే నిషేధం లెక్క నేర్పదు. ఇవాళ పేకాట, రేపు వాటాల బజారు, ఎల్లుండి మరొక పేరుతో మరొక ఆశ. ప్రతిచోటా ఒక నాలుగుల జత మన చేతిలోకి వస్తూనే ఉంటుంది. ఎంత పెడుతున్నాను, ఎన్నిసార్లకు ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు ఎంత వస్తుంది, రానప్పుడు ఎక్కడ ఆగుతాను అన్న నాలుగు ప్రశ్నలు వేసుకునే అలవాటు పిల్లలకు బడిలోనే రావాలి. నగలు తాకట్టు పెట్టిన ఆ పిల్లవాడికి సంభావ్యత అనే పాఠం చెప్పారు. అది తన జేబుకు సంబంధించినదని ఎవరూ చెప్పలేదు.

మొదట ప్రస్తావించిన నలుని కథ ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. పుష్కరునితో ఆడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని రథం నడుపుతాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. బాహుకుడు లెక్కపెట్టి చూస్తే సరిగ్గా సరిపోతుంది. అప్పుడు తన అశ్వహృదయాన్ని ఇచ్చి ఆ రాజు నుంచి అక్షహృదయాన్ని గ్రహిస్తాడు. ఆ విద్య అబ్బిన క్షణానే నలుని దేహం నుంచి కలి బయటికి వస్తాడు. పూర్వం పాచికలుగా వాడినవి ఆ తాండ్రకాయలే కావడం గమనించండి. కలిని వెళ్ళగొట్టింది మంత్రమో, శాపమో, నిషేధమో కాదు. కాయలు లెక్కపెట్టే విద్య. తరువాత నలుడు పుష్కరునితో మళ్ళీ ఆడి రాజ్యం గెలుచుకుంటాడు, తమ్ముని క్షమిస్తాడు. పోయినచోటే వెతుక్కున్నాడు గదా అని ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు. నిజమే, కాని వెతకడానికి వెళ్ళేముందు విద్య నేర్చుకుని వెళ్ళాడు.

చిన్న జత విషయంలో నా అభిప్రాయం ఇదీ. విభేదించేవారు తప్పక విభేదించండి. అదృష్టాన్ని సాక్ష్యానికి పిలవకుండా లెక్కతో విభేదిస్తే మరింత సంతోషిస్తాను.